ఏటవాలు వెలుతురు

వెర్నా నాన్‌కారోతో నా పరిచయం తిట్లతో మొదలైంది. మా నాన్న పోయాక ఆయన పెట్టెలో ఒక వెండి షిల్లింగు దొరికితే, దానికి మంచి ఫోటో తీయిద్దామని ఆమె ఇంటికి తీసుకెళ్లాను. నాణెం నల్లబడి ఉందని ముందురోజే ఇత్తడి సామాన్లు తోమే ద్రావకం పోసి, గుడ్డతో రుద్ది తళతళలాడేట్టు చేశాను. ఆమె తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుని, దాన్ని అంచుల దగ్గర పట్టుకుని, కిటికీ వైపు ఒకసారి వంచి చూసి బల్ల మీద పెట్టేసింది.

"దీన్ని తోమిందెవరు?"

నేనేనన్నాను, కాస్త గర్వంగానే.

"అరవై ఏళ్లు పట్టి వచ్చిన రంగును ఒక్క పూటలో ఊడబెరికావు. ఇది నాణెమయ్యా, మీ ఆవిడ బాణలి కాదు. ఫోటో తీస్తాను గానీ గీతలు దాచమని మాత్రం అడక్కు."

దాచలేదు. వారం తర్వాత చేతికొచ్చిన ఫోటోలో రాజుగారి చెంప నిండా సన్నటి గీతలు, కోత కోసిన పొలంలో మొదళ్లలాగా. అప్పటికి నాకు ఒళ్లు మండింది. కానీ ఆ ఫోటోలో కిరీటంలోని ఒక్కొక్క ముత్యమూ విడివిడిగా కనిపించింది. నాణెం చేతిలో పెట్టుకుని భూతద్దంతో చూసినా నాకెప్పుడూ అలా కనిపించలేదు. అందుకే తిట్లు తింటూనే మళ్లీ మళ్లీ వెళ్లాను.

అప్పట్లో నేను దక్షిణ ఆస్ట్రేలియాలో మా ఊరు పోర్ట్ పిరీ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో ఉండేవాణ్ణి. నా పేరు నెవిల్ కోగన్. అందరూ నెవ్ అంటారు. మా ఊళ్లో, పక్కనున్న సముద్రపు పాయ పేరు మీద, గల్ఫ్ నాణేల సంఘం అని ఒకటుండేది. దానికి పదహారేళ్లు సెక్రటరీగా చేశాను. సమావేశంలో ఎవరేమన్నారో పుస్తకంలో రాయడం నా పని. రాయకుండా వదిలేసినవి కూడా కొన్ని ఉన్నాయి. ఇప్పుడు చెబుతున్నది వాటి గురించే.

వెర్నా పంతొమ్మిదో ఏట సీసం కర్మాగారం ప్రయోగశాలలో చేరింది. కొలిమిలోంచి వచ్చిన లోహం ముక్కల్ని అద్దంలా నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫోటోలు తీయడం ఆమె ఉద్యోగం. లోహం లోపల ఎక్కడ పగులుందో, ఎక్కడ మలినం చేరిందో ఆ ఫోటోలు చూసి ఇంజనీర్లు తేల్చేవాళ్లు. ముప్పై నాలుగేళ్లు అదే పని. ఫోరుమన్లు తమ తప్పులు బయటపడకుండా ఫోటోలు మళ్లీ తీయమని అడిగేవాళ్లట, ఆమె తీసేది కాదట. అలా అక్కడ ఆమెకు మిగిలిన స్నేహితులు ఒక చేతి వేళ్లకు సరిపోరు. మొగుడు ఎర్న్ 1969లో పడవ అమ్మేసి పెర్త్‌కు వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడని ఎవరో అడిగితే, "చెప్పి వెళ్లలేదు, నేనూ అడగలేదు" అందట.

ఇంటి వెనక బట్టలుతికే గదిని ఆమె ఫోటోల గదిగా మార్చుకుంది. కిటికీ అద్దాలకు నల్లరంగు. కాంక్రీటు నేలకు బోల్టులతో బిగించిన ఇనప స్తంభం, దానికి నేలచూపులు చూసే కెమెరా. నాణేన్ని సన్నటి గొట్టం మీద పైకెత్తి పెట్టేది, కింది గుడ్డ మసకబారి నాణెం ఒక్కటే గాల్లో తేలినట్టు కనపడాలని. మామూలు నాణేలకు రెండు లైట్లు, గడియారంలో పదింటి దగ్గర ఒకటి, రెండింటి దగ్గర ఒకటి. వాటికి అడ్డంగా పలచటి కాగితం. అద్దంలా మెరిసే నాణేలకు మాత్రం ఒక గాజుపలకను ఏటవాలుగా నిలబెట్టి, పక్కనుంచి వచ్చే వెలుతురును దాని మీద పడేట్టు చేసి, నిటారుగా నాణెం మీదికి దించేది. మీట చేత్తో నొక్కేది కాదు, పొడవాటి తీగ చివర బొత్తాం నొక్కి ఊపిరి బిగబట్టి నిలబడేది. రెండు వీధుల అవతల ఖనిజం మోసుకెళ్లే రైలు వస్తుంటే, నేల అదిరి ఫోటో చెదురుతుందని, అది పోయేదాకా పని ఆపేది. ఆ రైళ్ల మీద రైల్వేవాళ్లకు రాసిన ఫిర్యాదులు నేనే ముద్రలు కొట్టి పంపాను, నలభైకి తక్కువుండవు.

మా సంఘం అధ్యక్షుడు లయల్ షిర్మర్. ఇళ్లూ స్థలాలూ అమ్మిపెట్టే వ్యాపారం. ఊళ్లో సగం తాళంచెవులు అతని చేతి మీదుగా వెళ్లినవే. మనిషి పొడుగు, గొంతు పెద్దది, ఎవరి భుజం మీదైనా చెయ్యి వేసి మాట్లాడే రకం. అతని దగ్గర 1930 నాటి రాగి పెన్నీ ఉంది. ఆ ఏడాది పెన్నీ అంటే ఈ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, అంత అరుదు. ఎవరింటికి వెళ్లినా పాత చిల్లర డబ్బా తెరిచి ముందు ఆ సంవత్సరమే వెతుకుతారు. లయల్ దాన్ని 1963లో క్లేర్ అనే ఊళ్లో ఒక రైతు వితంతువు దగ్గర కొన్నాడు. ఏటా మా ప్రదర్శనలో దాన్ని నీలం మఖమల్ మీద, గాజు కింద, మధ్య బల్ల మీద పెట్టేవాడు. పక్కన తనే నిలబడేవాడు. మా సంఘం అంటే ఆ పెన్నీ, ఆ పెన్నీ అంటే లయల్.

వెర్నా 1972లో చేరతానంటే సంఘంలో ఆడవాళ్లకు సభ్యత్వం లేదన్నాడు. రెండేళ్ల తర్వాత ఇవ్వక తప్పలేదు. ఇచ్చినరోజే అందరి ముందూ, "నాణేలు దాచేది మగవాళ్లు, ఖర్చుపెట్టేది ఆడవాళ్లు. ఈవిడ గారు ఫోటోలతో సరిపెట్టుకుంటానంటున్నారు గనక భయం లేదు" అన్నాడు. అందరం నవ్వాం. టీ పెట్టే పని ఆమెకు అప్పగించాడు. ఆమె టీ మరిగించే ఆ పెద్ద డబ్బా దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు, తన టీ తనే ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేది. పదమూడేళ్లు ఒకే హాల్లో కూర్చుని వాళ్లిద్దరూ ఒకరికొకరు నమస్కారం చెప్పుకోవడం నేను చూడలేదు.

1987లో సంఘానికి ఇరవై అయిదేళ్లు నిండాయి. చిన్న పుస్తకం అచ్చువేద్దామనుకున్నాం. అట్ట మీద పెన్నీ ఉండాలని అందరి మాట. ఫోటో తీయగలిగింది వెర్నా ఒక్కతే. లయల్‌కు ఇష్టం లేదు, కానీ అడెలైడ్ నుంచి మనిషిని పిలిపించేంత స్తోమత సంఘానికి లేదు. ఆమె గడప తొక్కనని, నన్నే తీసుకెళ్లి తీసుకురమ్మన్నాడు. "నీ కళ్లముందే తియ్యాలి. పక్కనే ఉండు" అని రెండుసార్లు చెప్పాడు.

ఫిబ్రవరిలో, అంటే మాకు నడి ఎండాకాలంలో, ఒక శనివారం, పొద్దున్నే ఎడారి వైపునుంచి ఉత్తరపు గాలి మొదలై నిప్పులు చెరుగుతున్న రోజు. పెన్నీ డబ్బా చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆమె తలుపు వేసి, దుమ్ము రాకుండా గుమ్మం కింద తడిగుడ్డ దూర్చింది. ముందు మామూలు లైట్లతో నాలుగు ఫోటోలు తీసింది. తర్వాత ఒక లైటు ఆర్పి, రెండోదాన్ని బల్ల మట్టానికి దించేసింది. సాయంకాలం నీడలు సాగినట్టు నాణెం మీది ప్రతి అక్షరానికీ పొడుగాటి నీడ వచ్చింది. ఆమె కెమెరాలోంచి చూస్తూ అలాగే ఉండిపోయింది. నేను ఓ అయిదు నిమిషాలు పెరట్లోకి వెళ్లి సిగరెట్ కాల్చుకుని వచ్చేసరికి కూడా అలాగే ఉంది. నడుము వంగే ఉంది, చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయి.

"నెవ్, ఇలా వచ్చి చూడు. మూడంకె చుట్టూ చూడు."

చూశాను. మిగతా అంకెల చుట్టూ లోహం చదునుగా ఉంది. మూడు చుట్టూ మాత్రం చిన్న పళ్లెంలా గుంట పడి ఉంది. గుంటలో వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. 1920 పెన్నీలో రెండంకెను ఎవరో సన్నటి పనిముట్టుతో చెక్కి, అటూ ఇటూ నెట్టి, మూడుగా చేశారు. పైనుంచి వెలుతురు పడితే ఏమీ కనిపించదు. పక్కనుంచి పడితే దాచడానికేమీ లేదు.

ఆమె ముఖంలోకి చూశాను. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ సంగతి కూడా చెప్పాలి. ఆమె పట్ల జరిగింది అన్యాయమే, కానీ ఆ క్షణాన ఆమె జాలిపడలేదు, పండగ చేసుకుంది.

లయల్‌కు చాటుగా చెబుదామని నేను బతిమాలాను. పుస్తకం అట్ట మీద ఇంకేదైనా వేద్దాం, విషయం అక్కడితో ఆగిపోతుంది అన్నాను.

"చాటుగా చెబితే ఏం చేస్తాడు? పైలైటుతో తీసినదే వెయ్యమంటాడు. ముప్పై నాలుగేళ్లు అదే మాట విన్నాను. నా చెవులు నిండిపోయాయి."

"పెద్దమనిషి, వెర్నా. తలెత్తుకు తిరగలేడు."

"నేను తిరగడం లేదూ? టీ మనిషినన్న పేరుతో పదమూడేళ్లు తిరిగాను."

పెన్నీ తీసుకెళ్లి లయల్‌కు ఇచ్చేశాను. ఎలా వచ్చిందని అడిగితే బాగా వచ్చిందన్నాను. అప్పట్లో మా ఆవిడ లయల్ ఆఫీసులో పనిచేసేది.

మార్చి సమావేశం ఆదివారం మధ్యాహ్నం. పుస్తకానికి తీసిన ఫోటోలు వెర్నా స్లైడ్లుగా చూపిస్తుందని నోటీసులో ఉంది. మాజీ సైనికుల హాలు వెనక గదిలో తెరలు దించాం. ఫ్రిట్జ్ అనే మాంసం ముక్కలు పెట్టిన శాండ్‌విచ్‌లు, లామింగ్టన్ కేకులు బల్ల మీద ఉన్నాయి. నలభై మంది దాకా వచ్చారు, లయల్ కూతురు హెదర్ కూడా ముందు వరసలో కూర్చుంది. బంగారు సావరిన్లు, వెండి ఫ్లోరిన్లు ఒక్కొక్కటే గోడ మీద పడుతుంటే అందరూ బాగున్నాయంటున్నారు. చివర పెన్నీ వచ్చింది, మొదట పైలైటుతో. చప్పట్లు కొట్టారు. లయల్ కూర్చున్నచోటినుంచే చెయ్యి ఊపాడు. వెర్నా మీట నొక్కింది. గోడంతా ఒక్క మూడంకె, మనిషంత ఎత్తున, దాని చుట్టూ గుంట, గుంటలో గీతలు.

ఆమె ఏమీ వివరించలేదు. పక్కనే మామూలు 1920 పెన్నీలోని రెండంకెను అదే వెలుతురులో చూపించి, మళ్లీ మూడుకు వచ్చింది. మళ్లీ రెండు. మళ్లీ మూడు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా నాణేలు తెలిసినవాళ్లే, ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

లయల్ లేచి కిటికీ తెర పక్కకు లాగేశాడు. వెలుతురొచ్చి గోడ మీది బొమ్మ వెలిసిపోయింది. కోటు తీసుకుని, కూతురి మోచెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు దగ్గర హెదర్ ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఇది చెయ్యడానికి నీకు మనసెలా ఒప్పింది?" అని వెర్నాను అడిగింది. వెర్నా స్లైడ్లు పెట్టెలో సర్దుకుంటోంది.

నాలుగు రోజులకు నా పేర రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. తను ఇచ్చినప్పుడు పెన్నీకి ఏ లోపమూ లేదని, శ్రీమతి నాన్‌కారో చేతిలో ఉండగా ఆమే పగబట్టి పనిముట్టుతో చెడగొట్టిందని, ఆమెను సంఘం నుంచి తొలగించకపోతే కోర్టుకెక్కుతానని లయల్ రాశాడు. ఆ సాయంత్రమే ఫోను చేశాడు.

"నెవ్, నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదా, మొత్తం సేపు?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"సిగరెట్‌కు బయటికెళ్లి ఉంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

వెళ్లానన్నాను. నేనన్నది ఆ ఒక్క మాటే. అయిదు నిమిషాలేనని అనలేదు, తిరిగొచ్చేసరికి ఆమె చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయని అనలేదు. అవతలినుంచి, "అదీ మాట" అని ఫోను పెట్టేశాడు.

ప్రత్యేక సమావేశంలో ముప్పై ఒక్కమంది కూర్చున్నారు. వెర్నాకు కుర్చీ వెయ్యలేదు, ఆమె గోడకానుకుని నిలబడింది. లయల్ మాట్లాడినంతసేపూ ఆమెను పేరుపెట్టి పిలవలేదు, 'ఆ మనిషి' అన్నాడు. కర్మాగారంలో పనిచేసి ఇలాంటి చెక్కుడు పనిముట్లన్నీ ఇంట్లో పెట్టుకుందని, తనంటే మొదటినుంచీ కళ్లమంట అని అన్నాడు. చివర్లో నా వైపు తిరిగి, ఆ రోజు నేను గదిలోంచి బయటికి వెళ్లానా లేదా అని అడిగాడు. అందరూ నన్ను చూశారు. వెళ్లానన్నాను. ఎంతసేపని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు ఈ రోజుకీ తెలియదు. వెర్నా నావైపు చూసింది. కోపంగా కాదు, కెమెరాలోంచి చూసినట్టు చూసింది.

ఆమె ఒకే ఒక స్లైడు తెచ్చింది. ఇంట్లో పనికిరాని పాత పెన్నీ మీద సూదితో తనే గీత గీసి, అదే లైటు కింద, అదే ఎత్తులో తీసిన ఫోటో. గోధుమరంగు లోహం మీద ఆ గీత లేత గులాబీ రంగులో, మంగలి కత్తితో తెగిన గాటులా మెరిసిపోతోంది. పక్కన లయల్ పెన్నీలోని గీతలు నల్లగా, అడుగున జిడ్డు గట్టిపడి ఉన్నాయి.

"కొత్త గాయం ఎలా ఉంటుందో చూడండి. ఇది మొన్న గీసింది. అది మీలో కొంతమంది పుట్టకముందు గీసింది. ఆ మురికి నేను ఒక్క పూటలో పట్టించగలిగితే నాకు కర్మాగారమే రాసిచ్చేవాళ్లు."

వెనకనుంచి ఎవరో నవ్వారు. లయల్ బల్ల మీద చరిచి, ఇది తనని దొంగను చేసే కుట్ర అన్నాడు.

"నువ్వు దొంగవని నేననలేదు. నిన్నెవడో మోసం చేశాడన్నాను. భుజాలు నువ్వే తడుముకుంటున్నావు."

అక్కడ ఉన్న ప్రతివాడికీ నిజం అర్థమైంది. నేను వాళ్ల ముఖాలు చూశాను గనక చెబుతున్నాను. అయినా పెన్నీ సంగతి పక్కన పెట్టి, అధ్యక్షుణ్ణి బహిరంగంగా అవమానించిందన్న కారణం మీద ఓటు పెట్టారు. తొలగించాలని పంతొమ్మిది చేతులు లేచాయి, వద్దని ఆరు. మిగతావాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. సెక్రటరీకి ఓటు లేదు. ఆ రూలు చాటున నేను దాక్కున్నాను. 'తీర్మానం నెగ్గింది' అని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత కొన్ని నెలలు ఊరు ఆమెతో బాగా లేదు. ఒకరోజు ఆమె ఇంటి పోస్టు డబ్బాలో పీతల డొప్పలు, కుళ్లినవి, ఎవరో కుక్కి వెళ్లారు. ఆమె వాటిని బయటికి తీసి కడిగి, డబ్బా మూతకు తాళం పెట్టించింది. పచారీ కొట్లో లయల్ వదిన ఆమె వెనక వరసలో నిలబడి, "జాగ్రత్తమ్మా, చిల్లర ఆవిడ చేతికిస్తే అంకెలు మారిపోతాయి" అని కొట్టువాడితో పైకే అంటుండేది.

వెర్నా ఊరుకునే మనిషి కాదు. మా అందరి నాణేలనూ ఏళ్ల తరబడి ఫోటోలు తీసింది కదా, నెగెటివ్‌లన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. చేతులెత్తిన పంతొమ్మిది మందికీ ఒక్కొక్కరికి ఒక్కో కవరు పంపింది. వాటిని బట్వాడాకు వేరుచేసింది నేనే. ఒక్కొక్క కవర్లో వాళ్లు అన్నిటికంటే గొప్పగా చెప్పుకునే నాణెం ఫోటో, ఏటవాలు వెలుతురులో తీసింది. ఒకడి సావరిన్ అంచున టంకం చుక్క. ఇంకొకడి వెండి క్రౌన్ మీద ఎప్పుడో గొలుసుకు వేసిన చిల్లిని పూడ్చిన గుర్తు. ఉత్తరం లేదు, పేరు లేదు. ఇద్దరు ఆ ఏడాదే నాణేలు అమ్ముకుని సంఘం మానేశారు. ఇరవయ్యో కవరు నా పేరు మీద ఉంది. అందులో గీతలతో నా షిల్లింగు ఫోటో.

లయల్ కోర్టుకు వెళ్లలేదు. ఎవరికీ చెప్పకుండా పెన్నీని అడెలైడ్‌లో ఒక నిపుణుడికి పంపాడు. జవాబు వచ్చిన కవరు కూడా నా చేతుల మీదుగానే వెళ్లింది. అందులో ఏముందో అతని నడకే చెప్పింది. ఆ నెలాఖరుకు అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు, ఆరోగ్యం బాలేదని. పెన్నీ మళ్లీ ప్రదర్శనకు రాలేదు. కానీ ఆమెను తొలగించిన తీర్మానం అలాగే ఉండిపోయింది. అతను నోరు విప్పలేదు, నేనూ విప్పలేదు.

వెర్నాకు సంఘం పోయినందువల్ల ముద్ద ఆగలేదు. మెల్‌బోర్న్‌లో నాణేలు వేలం వేసే ఒక కంపెనీవాళ్లు ఆమె ఫోటోలు చూసి కేటలాగు పని అప్పగించారు. ఆమె తీసిన నాణెంలో కనిపించని లోపం ఉండదని కొనేవాళ్లకు నమ్మకం కుదిరింది. ఫోటో చూసి, నాణెం కళ్లజూడకుండానే పాట పాడేవాళ్లట. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎవరి సేకరణ అమ్మకానికొచ్చినా ముందు ఆ నల్ల కిటికీ గదికి రావలసిందే.

1994లో లయల్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. సేకరణ అమ్మేద్దామనుకుంటే, ఫోటోలు నాన్‌కారో తీస్తేనే వేలానికి తీసుకుంటామని మెల్‌బోర్న్‌వాళ్లు ఖరాఖండిగా చెప్పారు. హెదర్ కారులో తీసుకెళ్లనని భీష్మించింది. నన్ను అడిగాడు. తీసుకెళ్లాను.

ఆమె తలుపు తీసి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"చెయ్యి పడిపోయిందని విన్నాను."

"నోరు పడిపోలేదు."

"సంతోషం. లోపలికొచ్చి కూర్చో. పని జరుగుతున్నప్పుడు మాట్లాడకు, నాణేల మీద ఊపిరి వదలకు. నీ కళ్లముందే తీస్తాను, ఒక్కటి కూడా నువ్వు చూడకుండా ముట్టుకోను."

మూడు రోజులు పట్టింది. అతను కుర్చీలో కూర్చుని ప్రతి నాణేన్నీ ఆమె చేతుల్లోకి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చూసేవాడు. తన ఫ్లోరిన్ మీది గీతను ఆమె కావాలనే పెద్దది చేస్తోందని సణిగేవాడు. గీత పెద్దది కాదు, నీ పొగరు పెద్దది అనేది. ఆమె టీ ఇచ్చింది, అతను ఒక గుక్క తాగి కుడితిలా ఉందన్నాడు. నచ్చకపోతే పారబోసుకోమని మొక్కల వైపు చూపించింది. ఈ మూడు రోజుల్లో ఒకరి గురించి ఒకరు మంచి మాట అనలేదు. కానీ ఒక్క నాణేనికి కూడా ఆమె నాసిరకం పని చెయ్యలేదు. అతని వెండి నాణేల్లో అందమున్నచోట ఆ అందమంతా చూపించింది.

మూడో రోజు అన్నీ అయ్యాక లయల్ జేబులోంచి ఆ పాత డబ్బా తీశాడు.

"దీన్ని అమ్ముతావా?" అంది వెర్నా.

"ఎవడు కొంటాడు? ఆ రోజు గోడ మీద నేను సరిగ్గా చూడలేదు. చూపించు."

ఆమె లైటు కిందికి దించింది. అతన్ని లేవదీసి కెమెరా దగ్గరికి నేను పట్టుకెళ్లాను. చాలాసేపు చూశాడు.

"ఎవడో గానీ పనిమంతుడే."

"పనిమంతుడే" అంది ఆమె. "నేను గీశానన్నావు."

"అన్నాను."

"కాదని నీకెప్పుడు తెలిసింది?"

"అడెలైడ్ ఉత్తరం వచ్చినప్పుడు."

"అది వచ్చి ఏడేళ్లయింది."

ఆమె లైటు ఆర్పేసింది. చీకట్లో నిలబడి ఉండగా నా నోటివెంట మాట వచ్చేసింది. ఆ రోజు నేను బయటికెళ్లింది అయిదు నిమిషాలేనని, తిరిగొచ్చేసరికి ఆమె కదల్లేదని, చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాయని చెప్పాను.

"తెలుసు నెవ్. నేను అక్కడే ఉన్నాగా" అంది. తలుపు తెరిచి, ఫోటోలు పదిహేనో తారీకుకు మెల్‌బోర్న్ వెళతాయని, డబ్బాలు జాగ్రత్తగా మోసుకెళ్లమని అంది. గుమ్మం దాకా రాలేదు.

వేలంలో లయల్ నాణేలన్నీ అమ్ముడుపోయాయి. ఫ్లోరిన్ ఫోటో మీద అతను ఆ కంపెనీకి ఫిర్యాదు రాశాడని తర్వాత తెలిసింది. మరుసటి శీతాకాలంలో పోయాడు. చర్చికి ఊరంతా వచ్చింది, వెర్నా రాలేదు. హెదర్ నా దగ్గరికొచ్చి, ఆమె రానందుకు తనకు సంతోషమేనంది.

ఆ తర్వాత జరిగిన సమావేశంలో నేను లేచి నిలబడ్డాను. అప్పటికి సెక్రటరీ పని వేరేవాళ్లకు ఇచ్చేశాను. 1987లో నేను చెప్పింది సగమేనని, మిగతా సగం ఇదీ అని అందరి ముందూ చెప్పి, తీర్మానం రద్దుచేసి దాన్ని పుస్తకంలో రాయమన్నాను. కొత్త అధ్యక్షుడు, ఆ రోజు చెయ్యెత్తిన పంతొమ్మిది మందిలో ఒకడు, కళ్లజోడు సర్దుకుని, ఆ సమావేశం వివరాలు ఎప్పుడో ఆమోదం పొందాయని, పోయినవాళ్ల గురించి ఇప్పుడు తవ్వడం మర్యాద కాదని అన్నాడు. నా ప్రతిపాదనను ఎవరూ బలపరచలేదు. లాటరీ టిక్కెట్ల సంగతి చూద్దామన్నారు. నేను టోపీ తీసుకుని వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

అటునుంచి అటే వెర్నా ఇంటికి వెళ్లాను. ఆమె ఏదో సావరిన్ ముందు వంగి ఉంది. జరిగింది చెప్పాను.

"ఎంతమంది ఉన్నారు?"

"పదకొండు మంది."

"పదకొండా? ఇంకా అంతమంది ఉన్నారా?" అంది. దూరంగా రైలు కూత వినిపిస్తే తీగ చివర బొత్తాం మీదినుంచి వేలు తీసేసి, అది పోయేదాకా ఆగింది.